జైరాం బండి

‘డ్రైవర్ నిర్లక్ష్యం.’

ఫైలు చివర ఉన్న ఆ రెండు మాటలు చదవగానే ఏజెంట్ రామ్‌చందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవరు రాసిండ్రు సార్ ఇది?”

ఖమ్మం శివార్లలో, పైకి మిర్చి కోల్డ్ స్టోరేజీలా కనిపించే ఆ భవనంలో, బస్తాల వరసల వెనక ఒక ఇనుప తలుపు ఉంటుంది. దాన్ని దాటితే స్పెషల్ బ్యూరో ఆఫీసు. అక్కడ ఎంత పెద్ద దేశ రహస్యం మాట్లాడుతున్నా మధ్యలో తుమ్ము ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. బల్లకు అటువైపు చీఫ్ వెంకటకృష్ణ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

“వర్క్‌షాప్ వాళ్లు రాశారు. పాత డీజిల్ బండి. అడవిలో ఎత్తు ఎక్కుతుంటే ఉన్నట్టుండి పవర్ పోయింది. జైరాం ఆగిపోయాడు. ముఠా వాళ్లు వచ్చి కాల్చేశారు. తరవాత బండిని ఇక్కడికి తెచ్చి యార్డులో తిప్పి చూశారు. నిక్షేపంలా నడిచింది. బండిలో లోపం లేదంటే తప్పు నడిపినవాడిదే కదా?”

“లోపం లేని బండికి పవరెందుకు పోయింది సార్?”

చీఫ్ తుమ్మాడు.

రామ్‌చందర్, జైరాం ఏన్కూరు పక్క తండాల్లో పుట్టి పెరిగినవాళ్లు. కలిసి చదివారు, కలిసి బ్యూరోలో చేరారు. తన పెళ్లిరోజు మర్చిపోయి భార్యతో చివాట్లు తిన్నాడేమో కానీ, జైరాం ఆ బండికి ఆయిల్ మార్చే రోజు ఏనాడూ మర్చిపోలేదు. అలాంటి మనిషిని చంపింది చాలక తప్పు కూడా అతని నెత్తినే రుద్దారు. చచ్చినవాడు లేచి వచ్చి కాదని చెప్పడు కదా, అదీ వీళ్ల ధైర్యం.

“కోపం తరవాత పడు. ముందు మిషన్ విను,” అన్నాడు చీఫ్. “కవిత. రేడియో ఇంజనీర్. అడవి సర్వే చేస్తామని బోర్డు పెట్టుకున్న ఒక డొల్ల కంపెనీలో చేరింది. వాళ్లు కొలుస్తున్నది వెదురుపొదల్ని కాదు, అడవిలో మన సైన్యం కడుతున్న రాడార్‌ని అని కొన్నాళ్లకే కనిపెట్టేసింది. నడిపిస్తున్నది విదేశీ ముఠా. ఇక్కడ దాని నాయకురాలి కోడ్ నేమ్ మహారాణి. ఆ మహారాణి ముఖం చూసి ఇంకా బతికి ఉన్నది కవిత ఒక్కతే.”

“ఎక్కడుంది?”

“సారపాక అవతల జామాయిల్ నర్సరీ. పాత పంపు షెడ్డులో జైరామే దాచాడు. ఈ సంగతి జైరాంకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు.”

“అంటే జైరాం చచ్చేముందు నోరు విప్పలే.”

“విప్పి ఉంటే కవిత ఈపాటికి ఉండేది కాదు.” చీఫ్ గొంతు ఒక్క క్షణం మెత్తబడింది. “మెయిన్ రోడ్డంతా ముఠా కళ్లే. కొత్తగూడెం వైపు వద్దు. అశ్వారావుపేటలో మన సేఫ్‌హౌస్ ఉంది, ఉదయశ్రీ చూసుకుంటుంది. ఈ పూటకు అక్కడ దిగి, తెల్లారగానే అడవి రోడ్డు పట్టుకో. నీకు కొత్త బండి ఇస్తాను.”

“జైరాం బండే కావాలె సార్.”

“అది మళ్లీ దారిలో ఆగితే?”

“ఆగాలె. ఎందుకు ఆగిందో నా కండ్లతోని చూస్తా.”

గాడ్జెట్ల విభాగం అతనికి ఒక పిస్టల్, ఒక శాటిలైట్ ఫోన్, ఒక చిన్న నల్ల డబ్బా ఇచ్చింది. ఫోన్‌కు ఒక్కటే బటన్. నొక్కితే సేఫ్‌హౌస్ చూసుకునే ఉదయశ్రీ పలుకుతుంది, ఇంకెవరూ పలకరు. నల్ల డబ్బా డయాగ్నస్టిక్ స్కానర్. బండికి తగిలిస్తే రోగమేమిటో అదే చెబుతుందట.

“దీన్ని తగిలించే సాకెట్టు ఆ బండిల లేదు సార్. బండి దీనికన్న ముందు పుట్టింది,” అన్నాడు రామ్‌చందర్.

“స్టోర్స్‌లో నీ పేర రాసేశారు. ఉంచుకో,” అన్నాడు చీఫ్.

అశ్వారావుపేట సేఫ్‌హౌస్ అంటే ఆయిల్ పామ్ తోటల మధ్య ఉదయశ్రీ కుటుంబానికి ఉన్న పాత బంగళా. ఆమె తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఉదయశ్రీ మాత్రం సగం జీవితం విదేశాల్లో గడిపి వచ్చింది. ముఠాలో చేరినట్టు నటిస్తూ వాళ్లకు తప్పుడు సమాచారం చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ అని బ్యూరోలో ఆమెకు పెద్ద పేరు. నల్లకళ్లద్దాలు తలమీదికి తోసుకుని, పట్టుచీర మీద తోలు జాకెట్ వేసుకుని, పామ్ గెలల లోడు ఎత్తిస్తున్న కూలీల మధ్య నిలబడి కూడా ఆమె సినిమా పోస్టర్ మీది మనిషిలాగే ఉంది.

“రండి రామ్‌చందర్ గారూ. జైరాం గారి ఆఖరి భోజనం మా ఇంట్లోనే. తలుచుకుంటే గుండె తరుక్కుపోతుందండీ. పాత బళ్లను నమ్మకూడదు.”

“బండి మంచిదే మేడం.”

“మీ ఇష్టం. ట్యాంకు నింపించేశాను లెండి. అడవి రోడ్డులో బంకులుండవు. ట్రాక్టర్ల కోసం మేం డ్రమ్ముల్లో పెట్టుకుంటాం.” ఆమె కాఫీ కప్పు అందించింది. “ఎక్కడికి వెళ్లాలో చెబితే ముందే మనవాళ్లను అక్కడ పెట్టిస్తాను.”

“చెప్పొద్దని ఆర్డర్.”

“ఆర్డరంటే ఆర్డరే,” అని ఆమె తియ్యగా నవ్వింది.

తెల్లవారేసరికి రామ్‌చందర్ గెలల కమీషన్ ఏజెంటు వేషంలో ఉన్నాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో మఫ్లర్. పుష్యమాసపు చలి ఎముకలు కొరుకుతోంది. బండి మొదటి తిప్పుకే స్టార్టయింది. బయల్దేరిన కొత్తలో బాగానే లాగింది. ములకలపల్లి దాటి, రోడ్డు అడవిలోకి దూరి, ఎత్తు మొదలయ్యాక దాని గుణం మారింది.

యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కాడు. బండి వేగం పెరగలేదు సరికదా, తగ్గడం మొదలెట్టింది. మూడో గేరు, రెండో గేరు. ఇంజన్ ఆగలేదు, కొట్టుకోలేదు, తిండి లేని మనిషిలా నీరసపడింది. చివరికి పాకుతూ పాకుతూ ఒక టీ గుడిసె ముందుకు చేరి ఆగిపోయింది. జైరాం శవం దొరికింది ఇంకో రెండు మలుపుల అవతలే.

కోపంతో స్టీరింగ్ మీద పిడికిలితో గుద్దాడు. ఆ కోపంలోనే చేయకూడని పని చేశాడు. ఫోన్ బటన్ నొక్కాడు.

“తేనె,” అని సంకేతం చెప్పాడు.

“పుట్ట,” అంది ఉదయశ్రీ గొంతు. “చెప్పండి.”

“బండి సచ్చింది. ములకలపల్లి దాటి, అడవి ఎత్తుల మీద.”

“అయ్యో! మళ్లీ అక్కడేనా! మెకానిక్‌ని పంపిస్తాను, మీరు కదలకండి.” గొంతు తగ్గించింది. “కానీ ఆ అమ్మాయి సంగతేంటండీ? ముఠా వాళ్లు పొద్దున్నే బయల్దేరారని నాకు కబురొచ్చింది. మీరు రోడ్డు మీద కూర్చుంటే, సాయంత్రానికి మనకు దొరికేది శవమే. జైరాం గారి ప్రాణం కూడా వృథా అయిపోతుంది.”

జైరాం పేరు వినగానే రామ్‌చందర్‌కు విచక్షణ ఎగిరిపోయింది.

“సారపాక అవతల జామాయిల్ నర్సరీ. పంపు షెడ్డు. మీరే పోండ్రి మేడం, జల్దీ!”

“నాకు వదిలేయండి,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

టీ గుడిసె నడిపే కన్నమ్మ పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు కాగబెడుతూ అతన్నే చూస్తోంది. “ఏమాయె బిడ్డా?”

“అదే చూస్తున్న అవ్వా.”

రామ్‌చందర్ బానెట్ ఎత్తాడు. బ్యూరోలో చేరకముందు ఏన్కూరు రోడ్ల మీద ఇలాంటి బండే నడిపి కాలేజీ ఫీజు కట్టుకున్నవాడు. ఎక్కడ మొదలెట్టాలో తెలుసు. డీజిల్ ఇంజన్‌కు కావలసినవి రెండే, గాలి, డీజిల్. గాలి తక్కువైతే కాలని డీజిల్ నల్లటి పొగై వెనక నుంచి కక్కుతుంది. ఎత్తు మీద అద్దంలో చూశాడు కదా, నల్లపొగ జాడ కూడా లేదు. అయినా ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు, శుభ్రంగా ఉంది. టర్బో గొట్టాలు పిసికి చూశాడు, ఎక్కడా ఊడలేదు, చీలలేదు. క్లచ్ జారుతుంటే ఇంజన్ ఊరికే గోల పెట్టాలి, అదీ పెట్టలేదు. బ్రేకులు పట్టేశాయేమోనని నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టాడు. అన్నీ చల్లగా ఉన్నాయి.

ఇక మిగిలింది డీజిల్.

ఫిల్టర్ పైన చేత్తో నొక్కే చిన్న పంపు ఉంటుంది. నొక్కితే మెత్తగా దిగి పైకి రావాలి. నొక్కాడు. రాయిలా బిగుసుకుపోయి ఉంది. డీజిల్ ఫిల్టర్ దాటి ముందుకు పోవడం లేదు. నీళ్లు చేరాయా? తుప్పు చేరిందా? స్పానర్ తీసుకుని ఫిల్టర్ గిన్నె విప్పాడు.

నీళ్లు లేవు. తుప్పు లేదు. గిన్నె నిండా నారింజ రంగు ముద్ద ఉంది.

వేలితో తీసి నలిపాడు. వేలి వేడికి అది కరిగి జారిపోయింది. వాసన చూశాడు. చిన్నప్పుడు ఈ చలికాలపు పొద్దుల్లో రేషన్ పామాయిల్ ప్యాకెట్ గడ్డకడితే, కత్తిరించేముందు వాళ్లమ్మ, యాడి, దాన్ని పొయ్యి గట్టు మీద పెట్టి కరిగేదాకా కూర్చునేది. ఆ వాసన తెలియనివాడు తండాలో ఎవడు?

అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. డీజిల్‌లో శుద్ధి చేయని పామాయిల్ కలిపారు. కింద ఊళ్లో, ఇంజన్ కొత్తగా నడుస్తున్నప్పుడు తేడా తెలియదు. అడవి చలిలో కాసేపు పోయేసరికి నూనె పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. తరవాత అదే బండిని తీసుకెళ్లి ఖమ్మం ఎండలో నిలబెడితే నూనె కరిగి డీజిల్‌లో కలిసిపోతుంది. బండి నిక్షేపంలా తిరుగుతుంది. వర్క్‌షాప్ వాడు ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని రాసి చాయ్ తాగడానికి పోతాడు.

ఏ విషమో, ఏ రసాయనమో కొంటే ఎవరైనా ఆరా తీస్తారు. ఆయిల్ పామ్ తోటలున్న ఇంట్లో ఆ నూనె ఉంటే ఎవరు అడుగుతారు? ఆమె ఉద్దేశం బండిని ఆపి మనిషిని చంపడం కూడా కాదు. ఆగినవాడు ఫోన్ చేస్తాడు. ఫోన్ చేసినవాడు చోటు చెబుతాడు. జైరాం చెప్పలేదు, కాబట్టి చచ్చిపోయాడు.

తను చెప్పేశాడు.

అదే క్షణంలో కింది మలుపులోంచి ఒక తెల్లకారు రివ్వున వచ్చింది. గుడిసె ముందు వేగం తగ్గించనైనా లేదు. అద్దం వెనక నల్లకళ్లద్దాలు కనిపించాయి. అశ్వారావుపేటలో ఉండవలసిన మనిషి అప్పుడే ఇక్కడికి ఎలా వచ్చింది? పొద్దుటి నుంచీ వెనకాలే వస్తోంది, ఫోన్ కోసం ఎదురుచూస్తూ.

“గా కారే,” అంది కన్నమ్మ. “పోయిన వారంల గిట్లనే ఒకాయన బండి ఆగితే, గా రోజు గూడ గీడికెల్లే పోయింది.”

“పోలీసులకు చెప్పలేదా అవ్వా?”

“నన్నెవలు అడిగిండ్రు?”

రామ్‌చందర్‌కు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఉదయశ్రీ మీద కోపం, వర్క్‌షాప్ మీద కోపం, ఈ ముసలమ్మను ఒక్క మాటైనా అడగని పెద్దమనుషుల మీద కోపం. అందరికన్నా తన నోటి మీద కోపం. కానీ ఇప్పుడు కోపానికి తీరిక లేదు.

“అవ్వా, గా నీళ్లియ్యి.”

“చాయ్ నీళ్లు బిడ్డా!”

“ఒక ప్రాణం ఉంది అందుల. నీ దండం పెడుత.”

కన్నమ్మ వెంటనే గిన్నె దించి తానే పట్టుకొచ్చింది. రామ్‌చందర్ ఫిల్టర్‌లోని ముద్దను మఫ్లర్‌తో తుడిచేశాడు, మళ్లీ బిగించాడు. మసిలే నీళ్లను ఫిల్టర్ మీద బయటి నుంచి మెల్లగా పోయించాడు. ఆవిరి మొహానికి కొట్టింది. చేతిపంపు నొక్కాడు. బిగుసుకునే ఉంది. ఇంకా పోయించాడు. ఈసారి పంపు కొంచెం దిగింది. మూడోసారికి మెత్తబడి, లోపల డీజిల్ కదిలిన చప్పుడు వినిపించింది. కన్నమ్మ తడి గోనెపట్టాను మిగిలిన వేడినీళ్లలో ముంచి ఇచ్చింది. దాన్ని ఫిల్టర్ చుట్టూ చుట్టి తాడుతో కట్టేశాడు.

బండి ఒక దగ్గు దగ్గి లేచింది.

ఆ తరవాత రామ్‌చందర్ బండిని నడిపాడనడం తప్పు, ఉరికించాడు. ఎత్తుల మీద నీరసపడినప్పుడల్లా బూతులు తిట్టాడు, పల్లాల్లో పోయిన వేగమంతా రాబట్టుకున్నాడు. సారపాక మిల్లుకు పోతున్న జామాయిల్ దుంగల లారీలను ఎడమ నుంచి, కుడి నుంచి, మట్టిలోంచి దాటుకుంటూ పోయాడు. ఎవరు ఏమనుకున్నా పట్టించుకోలేదు. పంపు షెడ్డు తలుపు పాతది. ఆ అమ్మాయికి అండగా ఉన్నది ఆ తలుపొక్కటే.

నర్సరీ దారి సన్నటిది. రెండు పక్కలా జామాయిల్ చెట్లు. మలుపు తిరగ్గానే తెల్లకారు కనిపించింది. షెడ్డు తలుపు విరిగి వేలాడుతోంది. ఉదయశ్రీ ఒక చేత్తో కవిత జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తోంది, రెండో చేతిలో పిస్టల్. కవిత గుమ్మం పట్టుకుని వదలడం లేదు.

“ఆగిపో రామ్‌చందర్! ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఇది పోతుంది!”

గొంతులో ‘గారు’ లేదు. తియ్యదనమూ లేదు.

రామ్‌చందర్ ముందుకు పోలేదు. చెట్ల మధ్య ఖాళీలో బండిని గిర్రున తిప్పాడు. పారిపోతున్నాడనుకుని ఉదయశ్రీ నవ్వింది కూడా. అంతలో అతను రివర్స్ గేరు వేసి, సైలెన్సర్ ఆమె వైపు ఉండగా వెనక్కి దూసుకొచ్చాడు. మధ్యలో క్లచ్ తొక్కిపట్టి యాక్సిలరేటర్‌ను నేలకు అదిమాడు. ట్యాంకులోని నూనె సగం కాలీ కాలకా తెల్లటి చిక్కటి పొగై బయటికి తన్నుకొచ్చింది. షెడ్డు, కారు, మనుషులు అన్నీ అందులో మునిగిపోయాయి. గాడ్జెట్ల విభాగం ఏనాడూ ఆ బండికి స్మోక్ స్క్రీన్ బిగించలేదు. ఉదయశ్రీ ఉచితంగా బిగించి పెట్టింది.

“కవితా! కిందవడు!”

పిస్టల్ పేలింది. వెనక అద్దం పగిలి సీట్ల మీద రాలింది. రెండో గుండు చెట్టుకు తగిలింది. బజ్జీల బండి దగ్గర వచ్చే కమురు వాసన మధ్య, దగ్గు ఆపుకోలేకపోతున్న ఉదయశ్రీని పట్టుకోవడానికి రామ్‌చందర్‌కు కళ్లు అక్కర్లేకపోయాయి. పిస్టల్ తీయలేదు. కవితకు తగిలితే? సీటు కింది జాకీ రాడ్ అందుకుని దగ్గు వినిపించిన వైపు ఉరికాడు. మూడో గుండు కోసం ఆమె చెయ్యి కవిత తల వైపు తిరుగుతుండగానే రాడ్ మణికట్టు మీద పడింది.

పొగ విడిపోయేసరికి ఉదయశ్రీ నేల మీద కూర్చుని విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఉంది. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి.

“ఆమెనే అన్నా,” అంది కవిత, నేల మీది నుంచి లేస్తూ. “మహారాణి. ఆమెనే.”

“ఎరుకనే చెల్లే. ఆమె నూనె చెప్పింది.” రామ్‌చందర్ రాడ్ పట్టుకుని ఉదయశ్రీ ముందు నిలబడ్డాడు. “జైరాం ఆఖర్న ఏమన్నడు?”

“ఏమీ అనలేదు,” అంది ఆమె పళ్లు బిగించి. “చోటు చెబితే వదిలేస్తానన్నాను. నోరు విప్పలేదు. మూర్ఖుడు.”

రాడ్ పైకి లేచింది. రామ్‌చందర్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. తన మిత్రుడు ప్రాణం పోతున్నా దాచిన మాటను, తను ఒక్క ఫోన్‌లో ఒలకబోశాడు. ఆ సిగ్గంతా కూడా ఆ రాడ్‌లోనే ఉంది.

“వద్దన్నా,” అంది కవిత. “ఆమె కోర్టుల నోరు విప్పాలె. జైరామన్నకు న్యాయం కావాల్నంటే ఈమె బతికుండాలె.”

రాడ్ కిందికి దిగింది. విరిగిన చేతికి కవిత చున్నీతో కట్టు కట్టారు. రామ్‌చందర్ ఆమె బాగున్న చేతికి సంకెల వేసి, రెండో కొస తన చేతిలో పట్టుకున్నాడు. ఉదయశ్రీ సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉంది. దాంతోనే చీఫ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

“శభాష్!” అన్నాడు వెంకటకృష్ణ. “ఇన్నాళ్లూ మన మనిషే అని నమ్మి మన...” మాట పూర్తికాకుండానే తుమ్మాడు. “సరే, త్వరగా వచ్చేయ్.”

“ముందు జైరాం ఫైల్ల గా రెండు మాటలు కొట్టెయ్యండి సార్. ఇప్పుడే. నేను లైన్‌లనే ఉంట.”

“వచ్చాక చూద్దాం రామ్‌చందర్.”

“ఇప్పుడే సార్. లేదంటే ఈమెతోని గీ అడవిలనే కూసుంట.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, కాగితాల చప్పుడు, పెన్ను గీసిన చప్పుడు వరసగా వినిపించాయి.

“కొట్టేశాను. ‘విధి నిర్వహణలో వీరమరణం’ అని రాశాను. చాలా? ఇక ఆమె కారులో బయల్దేరు, అది కొత్తది. తొందరగా చేరతావు.”

“లేదు సార్. ఆమె జైరాం బండిలనే వస్తది.”

అలాగే వచ్చింది. సారపాక దాటి, పాల్వంచ వైపు తిరిగి, మొదటి ఎత్తు ఎక్కేసరికి ఫిల్టర్ మీది గోనెపట్టా చల్లారిపోయింది. బండి మూలుగుతూ నెమ్మదించి, రోడ్డు పక్కన నిలబడిపోయింది. కన్నమ్మ గుడిసె చాలా దూరం. మళ్లీ వేడినీళ్లు కావాలంటే, దగ్గర్లో పొయ్యి పొగ లేస్తున్న ఇల్లు ఎత్తు పైన ఒక్కటే కనిపిస్తోంది.

“మళ్లీ ఏమైంది?” అంది వెనక సీటు కమ్మీకి సంకెలతో కట్టి ఉన్న ఉదయశ్రీ విసుగ్గా.

రామ్‌చందర్ దిగాడు. కవిత స్టీరింగ్ ముందుకు జరిగి కూర్చుంది. అతను వెనక తలుపు తీసి, కమ్మీ నుంచి సంకెల విప్పి, ఉదయశ్రీకి ఎంతో మర్యాదగా దారి ఇచ్చాడు.

“దిగండి మహారాణి గారూ. మీరు పోయించిన డీజిలే కదా, ఒక చెయ్యి బాగనే ఉంది. తోయండి.”